ఆది జాకెట్టులో లేని కొలత

నాకు గౌన్ల పిచ్చి యాభై దాటాక పట్టింది. పట్టాల్సిన వయసులో పట్టలేదు. పదకొండో ఏట గౌను విడిచి పరికిణీ కట్టాను. పరికిణీ మీదకి ఓణీ వచ్చింది, ఓణీ పోయి చీర వచ్చింది. ఆ తర్వాత గౌనన్న మాటే నేను తలుచుకున్న గుర్తు లేదు. నైటీని గౌనుగా లెక్కపెట్టను. అది గోనెసంచికి చేతులు కుట్టినట్టుంటుంది.

నేను బెజవాడలో ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం పొద్దున ఆరింటికే తలుపులు తీస్తాం కాబట్టి రెండింటికల్లా నా డ్యూటీ అయిపోతుంది. గుణదలలో మా ఫ్లాటుకు చేరేసరికి రెండున్నర. అన్నం తిని, ఉన్న ఒక్క కంచం కడిగితే మూడు. మూడు నుంచి నిద్రపోయేదాకా ఉన్న పొద్దంతా నాదే, అడిగేవాళ్ళు లేరు. ఈ మాట విని మా ల్యాబులో ఆడవాళ్ళు ఎంత అదృష్టమండీ అంటారు. వాళ్ళు ఇంటికెళ్ళి పిల్లల హోంవర్కులు చూడాలి, అత్తగారికి మాత్రలు ఇవ్వాలి. నేను ఔనంటాను. అదృష్టం కాదని చెప్పాలంటే చాలా చెప్పాలి.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ మధ్యాహ్నాలు తగువులతో గడిచిపోయేవి. ఫ్యాను మూడు మీద ఉండాలా నాలుగు మీద ఉండాలా అని, పప్పులో ఉప్పు ఎక్కువైందని, నేను గుమ్మంలో చెప్పులు అడ్డంగా విడిచానని. నాలుగేళ్ళ క్రితం అమ్మ పోయింది. నా పెళ్ళి అంతకు చాలా ముందే అయింది, మూడేళ్ళకే అయిపోయింది కూడా, ఆ సంగతి ఇక్కడ అనవసరం. అమ్మ పోయాక నాకు తెలిసిందేమిటంటే, తగువు పెట్టుకోవడానికైనా ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఇప్పుడు ఫ్యాను నాకిష్టమైన స్పీడులోనే తిరుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. చెప్పడానికి సిగ్గే గానీ చెప్పేస్తాను. ల్యాబులో పొద్దుటి నుంచి ఎన్నో చేతులు పట్టుకుంటాను. మోచేతి మడత మీద వేలు పెట్టి నరం వెతుకుతాను. భయపడేవాళ్ళ భుజం తడతాను. నన్ను పట్టుకునేవాళ్ళు మాత్రం లేరు. అమ్మ పోయాక నన్ను తాకిన మనుషులెవరా అని ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే, మేరీమాత తిరునాళ్ళలో గాజులు తొడిగిన ఆవిడ ఒక్కతే తేలింది. మిగతాదంతా సిటీబస్సులో తోపులాట.

గౌన్లు ఫోన్లో తగిలాయి. ఒకావిడ చొక్కా కాలరును తిరగేసి, పెన్సిలు మొద్దు కొనతో మూల బయటికి తోస్తున్న వీడియో. మొహం లేదు, చేతులే ఉన్నాయి. ఆ పని ఎంత నిదానంగా చేసిందంటే నేను నోరు తెరిచి చూశాను. అదయ్యాక ఫోను ఇంకోటి చూపించింది, ఇంకోటి చూపించింది, ఆఖరికి తెలుగు ఆడవాళ్ళ కుట్టుగ్రూపు ఒకదాన్లో తేలాను. అందులో వాళ్ళంతా పాత మోస్తరు గౌన్లు కుట్టి ఫొటోలు పెడతారు. గుండ్రటి కాలరు, బుట్టచేతులు, నడుము దగ్గర బిగువు, అక్కణ్ణుంచి గొడుగు విప్పినట్టు గేరు. మా అమ్మ చదివిన మిషను బడి గ్రూపు ఫొటోలో దొరసాని టీచర్లు తొడుక్కున్నలాంటివి. అవే గౌన్లు ఇప్పుడు మంగళగిరి నేతలో, పెడన కలంకారీలో, ఒక్కోసారి గళ్ళ లుంగీ గుడ్డలో కూడా.

నాకు కుట్టు తెలుసు. ఇంటరు అయ్యాక మా గుణదలలోనే సిస్టర్లు నడిపే కుట్టు క్లాసులో చేరి ఏడాది నేర్చుకున్నాను. అందుకే ఆ గౌన్లను పైపైన చూసి ఊరుకోలేను. ఫొటో పెద్దది చేసి చేతి చుట్టూ కుచ్చు సమంగా పడిందా లేదా చూస్తాను. కలంకారీ పువ్వు రెండు ముక్కల కలయిక దగ్గర విరగకుండా వచ్చిందంటే ఆ మనిషి గుడ్డ ముందు ఎంతసేపు కూర్చుని ఉంటుందో నాకు తెలుసు. కొందరు గౌను తిరగేసి లోపలి కుట్లు కూడా చూపిస్తారు. లోపలి కుట్టు చూపించగల మనిషంటే నాకు గౌరవం.

మెచ్చుకుంటూ రాసేదాన్ని. మొదట్లో కొండవీటి చాంతాడంత రాశాను. తర్వాత ఎవరూ అంత రాయరని గమనించి, "చాలా బాగుందండీ, కాలరు చక్కగా కూర్చుంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. దానికి వాళ్ళు "థాంక్సండీ" అని ఒక ఎర్రగుండె బొమ్మ పెట్టేవాళ్ళు. ఆ గుండెబొమ్మ కోసం నేను టీ తాగుతూ ఎదురుచూసేదాన్నని వాళ్ళకు తెలియదు.

ఆ గ్రూపులో ఒకావిడను నేను మనసులో వరండా ఆవిడ అనుకునేదాన్ని. ఆవిడ ఫొటోలన్నీ ఒకే వరండాలో. పచ్చరంగు కటకటాలు, నలుపు తెలుపు గళ్ళ నేల. మెడ పైన ఏమీ కనిపించదు. ఆ మాటకొస్తే గ్రూపులో సగం మందికి తల లేదు. ఏ పెదమామయ్య కూతురో చూసి ఊరంతా చాటుతుందని మొహం కోసేసి పెడతారు. అయినా వరండా ఆవిడ నిలబడే తీరు నాకు గుర్తుండిపోయింది. ఒక చెయ్యి కటకటాల మీద, రెండోది గేరు అంచు పట్టుకుని, ఒక కాలు కొంచెం ముందుకి. ఒంటి తీరును బట్టి, చేతుల మీది ముడతలను బట్టి నాకన్నా పెద్దదని తెలుస్తూనే ఉంది. ఆ వయసులో ఆ గౌను తొడుక్కుని అలా నిలబడటానికి ఎంత గుండె కావాలి అనుకునేదాన్ని. ఒక నెలలో నాలుగైదు ఫొటోలు వరసగా వచ్చేవి. తర్వాత రెండు నెలలు, మూడు నెలలు అయిపూ అజా ఉండేది కాదు. ఆ నెలల్లో నాకు గ్రూపు బోసిగా ఉండేది.

ఒకసారి ఆవిడ నాకు జవాబు రాస్తూ, "మీరెప్పుడూ మెచ్చుకోవడమేనా? మీరు కుట్టింది ఎప్పుడు చూపిస్తారండీ?" అన్నారు.

మామూలు మాటే. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు. మీరెప్పుడు చూపిస్తారు అని నన్నెవరూ అడిగి చాలా ఏళ్ళయింది. అప్పుడు తెలిసింది నాకేం కావాలో. ఒక గౌను కుట్టుకోవాలి. అది నా ఒంటికి అతికినట్టు ఉండాలి. అందులో నన్ను ఒక్క మనిషయినా చూడాలి. అంతకు మించి ఏమీ కాదు. ఆ ఒక్క మనిషి ఎవరో ఆలోచించుకోకుండానే వన్‌టౌనుకెళ్ళి నేరేడుపండు రంగు మీద సన్న తెల్లపూలున్న గుడ్డ తెచ్చాను. షాపులో అతను "మనవరాలికాండీ?" అన్నాడు. ఔనన్నాను.

గ్రూపులో కొలతల పట్టీ ఒకటి ఉంటుంది. ఛాతీ, నడుము, భుజం అన్నీ నేనే తీసుకున్నాను. ఒకచోట ఆగిపోయాను. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుము దాకా వీపు పొడుగు. దాని పక్కన రాసి ఉంది, "ఇది మీ అంతట మీరు తీసుకుంటే తప్పు వస్తుంది. ఇంట్లో ఎవరినైనా అడగండి."

ఇంట్లో నేనూ ఫ్రిజ్జూ ఉన్నాం. ముందు నేనే ప్రయత్నించాను. టేపు కొన మెడ మీద పెట్టి, చెయ్యి వెనక్కి తిప్పి, అద్దంలో చూస్తే అంకెలు తిరగేసి కనిపిస్తాయి. మెడ తిప్పితే టేపు జారుతుంది. ఒకసారి పదమూడు వచ్చింది, ఒకసారి పదిహేడు. నాలుగంగుళాలు పెరిగే వయసు కాదు నాది.

కింది ఫ్లాటులో ఉన్నావిడను అడుగుదామనుకున్నాను. పదకొండేళ్ళుగా గేటు దగ్గర "బాగున్నారాండీ" అంటే "బాగున్నామండీ" అనుకుంటున్నాం. అంతకన్నా ముందుకు పోలేదు, వెనక్కీ పోలేదు. మంచి మనిషే. కానీ పదకొండేళ్ళ బాగున్నారాండీ మీద నిలబడి, కాస్త నా వీపు కొలిచి పెట్టండి అని ఎలా అడగడం? తలుపు దాకా వెళ్ళి, మంచినీళ్ళు వస్తున్నాయా అని అడిగి పైకొచ్చేశాను.

ల్యాబులో నాతో పనిచేసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. టేపు హ్యాండుబ్యాగులో పెట్టుకుని మూడు రోజులు ల్యాబుకు మోశాను. మూడోరోజు ఆ పిల్ల పెన్ను కోసం నా బ్యాగు తీసి, టేపు పట్టుకుని "ఎవరి పొట్ట కొలవడానికండీ ఇది?" అని పకపకా నవ్వింది. "ఇంటి కిటికీలకి కర్టెన్లు కుట్టిస్తున్నానమ్మా" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. నిజానికి ఆ పిల్లను అడిగితే తీసేదే. నవ్వుతూ తీసేది. ఆ నవ్వే నాకు వద్దు.

ఇక మిగిలింది టైలరు. నా జాకెట్లు పదహారేళ్ళుగా ఆయనే కుడుతున్నాడు. ఆ పదహారేళ్ళలో ఒక్కసారీ నా ఒంటి మీద టేపు పెట్టలేదు, పెట్టడు. "ఆది తెచ్చారామ్మా?" అంటాడు, అంతే. మన దగ్గర జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ ఒక ఆది ఉంటుంది. అంటే బాగా కుదిరిన పాత జాకెట్టు. కొత్త గుడ్డతోపాటు దాన్ని ఇచ్చేస్తే టైలరు దాన్ని చూసి కోసుకుంటాడు. మనిషితో పని లేదు. నా మొదటి ఆది పెళ్ళప్పటిది. దాన్ని చూసి ఇంకోటి, ఆ ఇంకోదాన్ని చూసి మరోటి. మధ్యలో ఒళ్ళు వస్తే పక్కన ఒక కుట్టు విప్పుకున్నాం, తగ్గితే వేసుకున్నాం. ఇరవయ్యారేళ్ళుగా నా కొలతలు ఒక జాకెట్టు నుంచి ఇంకో జాకెట్టుకు వెళ్తున్నాయి, మధ్యలో నన్ను ఎవరూ అడగలేదు.

ఇది తట్టగానే నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆది ఉండగా ఇంకొకరిని దేబిరించడం ఎందుకు? జాకెట్టు వీపు మెడ నుంచి కింది పట్టీ దాకా ఉంటుంది. దాన్ని గుడ్డ మీద పరిచి గీసుకుంటే పైభాగం వచ్చేస్తుంది, కింద గేరు అతికిస్తే గౌను. వీపు పొడుగు అడగాల్సిన అవసరమే లేదు. గుడ్డ పరిచాను, సుద్ద పెట్టాను, కత్తెర పట్టాను. ఆరు మధ్యాహ్నాలు ఎలా గడిచాయో తెలియలేదు. రేడియో పెట్టుకుని, పాటకు పెదాలు కదుపుతూ కుట్టాను. బుట్టచేతులు లేతగుమ్మడికాయల్లా వచ్చాయి. గుండ్రటి కాలరు అంచు పెన్సిలు మొద్దుతో తోశాను. అమ్మ పోయాక అంత సంతోషంగా ఉన్నది ఆ ఆరు రోజులే.

ఏడో రోజు బీరువా అద్దం ముందు తొడుక్కున్నాను. నడుము కుట్టు నా పక్కటెముకల మీద ఉంది.

ముందు అర్థం కాలేదు. కిందికి లాగాను, రాలేదు. అప్పుడు తెలిసింది నేను చేసిన తెలివితక్కువ పని. జాకెట్టు నడుము దాకా రాదు. రొమ్ము కిందనే ఆగిపోతుంది. లంగా మొదలయ్యేది బొడ్డు దగ్గర. మధ్యలో బెత్తెడు ఒంటికి కుట్టిన బట్టంటూ లేదు, చీర చుట్టుకుపోతుంది. ఆ బెత్తెడు ఏ టైలరు లెక్కలోనూ లేదు, ఏ ఆదిలోనూ లేదు. ఇన్నేళ్ళు కొలత లేని నడుముతో తిరిగానన్నమాట. అద్దంలో నేను ఏడో నెల కడుపుతో ఉన్నట్టు కనిపించాను. ముందు నవ్వొచ్చింది. ఎంత నవ్వానో. నవ్వుతూ పక్కకు తిరిగి, చూశావా నా అవతారం అనబోయాను. పక్కన ఎవరూ లేరు. ఆ గౌనులోనే మంచం మీద కూర్చుని ఏడ్చాను.

పాడైన పనిని పారేసే బుద్ధి నాకు లేదు. మర్నాడు దాన్ని హ్యాంగరుకు తగిలించి, తలుపుకు వేలాడదీసి ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. "నా మొదటి గౌను" అని మాత్రం రాశాను. తప్పు జరిగిందని రాద్దామనే అనుకున్నాను, రాయలేకపోయాను. సాయంత్రానికి మెప్పులు వచ్చి పడ్డాయి. "నడుము పైకి పెట్టడం ఎంత మంచి ఆలోచనండీ." "రాణీవాసం గౌనులా ఉంది." "అసలైన పాత ఫ్యాషను ఇదేనండీ, చాలామందికి తెలీదు." ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన ఎర్రగుండెలు కుప్పగా వచ్చాయి. ఒక్కొక్కరికీ థాంక్సండీ అని పెట్టాను. నా ఒంటికి పట్టని గౌనును అందరూ మెచ్చుకుంటుంటే నాకు ఇంకా ఒంటరిగా అనిపించింది. వాళ్ళు మెచ్చుకున్నది హ్యాంగరును. ఫోను తిరగేసి పెట్టి బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

రెండు రోజులకు వరండా ఆవిడ నాకొక్కదానికే విడిగా రాశారు. "ఏమనుకోనంటే ఒకటడుగుతానండీ. ఆది జాకెట్టు పెట్టి కోశారు కదూ?"

నాకు ఒళ్ళు మండింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఊరంతా బాగుందంటుంటే ఈవిడకెందుకు? "లేదండీ, కావాలనే పైకి పెట్టాను" అని రాశాను.

"అలాగాండీ, సారీ. నా మొదటి గౌను అలాగే అయ్యింది, అందుకని అడిగాను. దాన్ని విప్పి దిండు గలీబు చేసేశాను. ఇప్పటికీ దానిమీదే పడుకుంటున్నా" అన్నారు.

ఒకరోజంతా జవాబివ్వలేదు. మర్నాడు ల్యాబు నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా కూర్చుని రాశాను. "ఆది పెట్టే కోశానండీ. వీపు కొలత తీసేవాళ్ళు లేరు." ఆ రెండో ముక్క నేను అంతవరకు ఎవరితోనూ అనలేదు. టైపు చేశాక దాన్ని చూస్తే ఎవరో నా గురించి రాసినట్టుంది. చెరిపేద్దామనుకునేలోపే ఆవిడ చూసేశారు.

"మీదే ఊరండీ?"

"బెజవాడ. గుణదల."

"మాది హనుమాన్ జంక్షనండీ. గంటసేపు ప్రయాణం. వచ్చెయ్యండి, నేను తీస్తా."

ఆవిడ ఏ బెంగుళూరులోనో, ఊటీలోనో ఉంటారని నేను అనుకుంటున్నాను. ఏలూరు బస్సెక్కితే వచ్చే ఊళ్ళో, లారీల మధ్య ఉన్నారని తెలిసేసరికి నాకు సంతోషం కాదు, భయం వేసింది. ఫోన్లో ఉన్నంతవరకు మనుషులు మనకు కావలసినట్టు ఉంటారు. వెళ్తే ఆవిడ నాకు నచ్చకపోవచ్చు, నేను ఆవిడకు నచ్చకపోవచ్చు. ఉన్న ఒక్కరూ పోతారు. అందుకని తిరునాళ్ళ జనం అన్నాను, డ్యూటీలు అన్నాను, జలుబన్నాను. ఆవిడ ప్రతిసారీ "సరేనండీ, వీలైనప్పుడే రండి" అన్నారు. ఒక్కసారి విసుక్కున్నా మానేద్దును. విసుక్కోలేదు. ఆఖరికి ఒక ఆదివారం, రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎలాగని, రామవరప్పాడు రింగు దగ్గర బస్సెక్కాను.

ఇల్లు హైవే పక్కనే. కింద ఆవిడ తమ్ముడి టైర్ల షాపు, పైన కాపురం. ఆవిడే మెట్లు దిగి వచ్చారు. అరవై ఉంటాయి. వెంకటగిరి చీర, నున్నగా దువ్విన ముడి, కళ్ళజోడు. పొట్టి మనిషి. ఫొటోల్లో ఎందుకో పొడుగ్గా అనిపించేవారు. వరండా కనిపించగానే మాత్రం మెట్టు మీదే ఆగిపోయాను. అదే పచ్చ కటకటాలు, అదే గళ్ళ నేల. దాని మీద ఎండబెట్టిన మినప్పప్పు, పిల్లల సైకిలు, నీళ్ళ క్యాన్లు.

ఇంటినిండా మనుషులే. తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. మరదలు కాఫీ ఇచ్చి, "ఏ ఊరండీ? మా వదినగారు మీకెలా తెలుసు?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "కుట్టు నేర్చుకోడానికొచ్చారులే. జాకెట్టు కటింగు" అన్నారు. నా వైపు చూడలేదు. నేను తల ఊపాను.

గదిలోకి తీసుకెళ్ళి తలుపు గడియ వేశాక బీరువా తెరిచారు. చీరల దొంతర ఎత్తితే కింద గౌన్లు. నేను ఫోన్లో పెద్దవి చేసి చేసి చూసిన పువ్వులన్నీ అక్కడున్నాయి. లుంగీ గౌను అంచు పట్టుకుని లోపలి కుట్టు చూశాను. ఫొటోలో కన్నా బాగుంది.

"ఇంట్లో తెలీదాండీ?" అన్నాను.

"కుడతానని తెలుసు. తొడుక్కుంటానని తెలీదు. వీళ్ళంతా ఏ పెళ్ళికో పేరంటానికో పోయినప్పుడు గేటుకు తాళం వేసుకుంటా. ఫోను పూలకుండీకి ఆనించి పెట్టి, టైమరు పెట్టి పరిగెత్తుకెళ్ళి నిలబడతా. మూఢం వచ్చిందంటే నాకు గౌన్లు లేవండీ. ముహూర్తాలుండవు, ఒక్కరూ గడప దాటరు" అని నవ్వారు. "మీకేమండీ, మీ ఇంట్లో మీరు రాణి. పొద్దస్తమానం తొడుక్కోవచ్చు."

ఆవిడ నెలల తరబడి ఎందుకు మాయమైపోయేవారో అప్పుడు తెలిసింది. పంచాంగంలో మూఢం ఎప్పుడో చూసి ఉంటే నేను అంత బెంగపెట్టుకునేదాన్ని కాదు. పొద్దస్తమానం తొడుక్కుంటే చూసేదెవరండీ అనబోయి మానుకున్నాను. చూసేవాళ్ళు అంతమంది ఉండి ఆవిడకు ఒరిగిందేమీ లేదు. పక్కగదిలో పిల్లలు కార్టూన్లు పెద్దగా పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ ఇంట్లో వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. తలుపు తట్టి రెండుసార్లు పకోడీలు పంపారు.

నా రెండో గౌను సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆవిడ తీసిన కొలతలతోనే కుట్టాను, బాగా కుదిరింది. కొన్ని మధ్యాహ్నాలు తొడుక్కుని అన్నం తింటాను. గ్రూపులో పెట్టలేదు. ఆవిడకొక్కరికే పంపాను. "నడుము చక్కగా కూర్చుందండీ" అని రాశారు.

ఆ ఆదివారం ఆవిడ మెడలో టేపు వేసుకుని, నా చేతికి పెన్నూ పుస్తకం ఇచ్చి, "అటు తిరగండి. నేను చెప్తా, మీరు రాసుకోండి" అన్నారు. తిరిగాను. జడ పక్కకు తీసి ముందుకు వేశారు. మెడ వెనక వేలితో మెల్లగా తడిమి, "తల కొంచెం వంచండి, ఆఁ, ఇదుగో ఎముక" అని టేపు కొన అక్కడ పెట్టి బొటనవేలితో నొక్కిపట్టారు. రెండో చెయ్యి వెన్ను వెంబడి టేపును సవరిస్తూ కిందికి దిగింది. నడుము దగ్గర ఆగింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెనక నుంచి కనబడవు కదా అని ఊరుకున్నాను.

"పదిహేనుంపావు" అన్నారు.

అప్పుడే కింద ఒక లారీ హారను కొట్టుకుంటూ పోయింది. నాకు పదిహేనుంపావు స్పష్టంగా వినబడింది.

"లారీ మోతలో వినబడలేదండీ. ఇంకోసారి తీస్తారా?" అన్నాను.

ఆవిడ మళ్ళీ మెడ దగ్గర మొదలుపెట్టి, ఈసారి ఇంకా నిదానంగా, మళ్ళీ అంతా తీశారు. "పదిహేనుంపావండీ" అన్నారు. రాసుకున్నాను.

కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగి, "మరి మీకెవరు తీశారండీ?" అని అడిగాను.

"నాకా? గోడకి ఆనుకుని, మెడ దగ్గరా నడుము దగ్గరా వెనక గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి కొలుచుకున్నా. అందుకే నా గౌన్లన్నీ వెనక అరంగుళం ఎత్తుగా ఉంటాయి. ఫొటోలో ముందే కనపడుద్ది కాబట్టి సరిపోయింది."

"ఇలా ఇవ్వండి టేపు."

వద్దండీ అన్నారు, ఇప్పుడెందుకండీ అన్నారు, అంటూనే అటు తిరిగారు. ముడి పైకెత్తి పట్టుకున్నారు. ఎముక మీద వేలు పెట్టగానే ఆవిడ భుజాలు రెండూ ఒక్కసారి బిగుసుకుని, తర్వాత మెల్లగా కిందికి దిగాయి. టేపు నడుము దాకా దించి, "పద్నాలుగున్నర" అన్నాను.

ముడి ఎత్తి పట్టుకున్న చెయ్యి ఆవిడ దించలేదు.

"వినబడలేదండీ. మళ్ళీ ఒకసారి తీయరూ?" అన్నారు.

రోడ్డు మీద ఒక్క బండి కూడా లేదు. నేను మళ్ళీ తీశాను.